అమ్మ వడియాల ఎండ

బెజవాడ ఎండను తిట్టని మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. మా అమ్మ. శివరాత్రి దాటిందంటే ఊరంతా తాటాకు విసనకర్రలు బయటికి తీసేది. రైలు దిగి వచ్చిన చుట్టాలు చెప్పులు విడవక ముందే "ఇదేం ఊరమ్మా, ఇవేం ఎండలమ్మా" అని మొదలుపెట్టేవాళ్ళు. అమ్మ మాత్రం తెల్లవారుతుండగా పెరట్లోకి వచ్చి, తల పైకెత్తి, మబ్బు తునక లేదని రూఢి చేసుకుని, "ఇవాళ బ్రహ్మాండంగా కాస్తది" అని మురిసిపోయేది. పుస్తకాలు నెత్తిన అడ్డం పెట్టుకుని ఆ ఎండలో కాలేజీకి నడవాల్సిన నాకు ఆ మురిపెం చూస్తే ఒళ్ళు మండేది.

అమ్మకు ఎండ కావలసింది వడియాలకు. మా ఇంటి మట్టుకు వేసుకునే నాలుగు వడియాలు కావు. గవర్నర్‌పేటలో ఒక భోజన హోటలుకు ఏడాది పొడుగునా సరిపడా గుమ్మడి వడియాలు, పిండి వడియాలు, చల్ల మిరపకాయలు మా పెరట్లోంచే వెళ్ళేవి. నాన్న ఆ హోటలుకు రెండు వీధుల అవతల లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా. పొద్దున ఆఫీసుకు వెళ్తూ సైకిలు వెనక డబ్బా కట్టుకుని హోటల్లో దించి వెళ్ళేవాడు. హోటలు కాక, మా సందు చివర చర్చి పక్కన ఉండే టీచరమ్మ, కాలువ అవతల మిషను కుట్టే సాయిబుగారి భార్య, ఇంకా ఎవరెవరో చెప్పి మరీ చేయించుకునేవాళ్ళు. సందులో అమ్మను పేరు పెట్టి ఎవరూ పిలవరు, వడియాల పిన్నిగారు అనేవాళ్ళు. అయిదో తరగతితో బడి మానేసిన మనిషి, ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా నాకు కాలేజీ చీరలు కొన్నది ఆ వడియాలతోనే. ఇంట్లో మిగతా పనులన్నీ చాకిరీ అనేది. ఇది మాత్రం "నా పని" అనేది.

మా ఇల్లు ఏలూరు కాలువకు దగ్గర్లో, రెండు రిక్షాలు ఎదురైతే ఒకటి ఆగాల్సినంత సందులో ఉండేది. పెంకుటిల్లు. దాని తూర్పు పక్కన పొడుగ్గా సన్నటి ఖాళీ జాగా ఉండేది. మేం పెరడు అనుకున్నది దాన్నే. ఒక మూల బావి, దాని పక్కన తులసికోట, మిగతాదంతా అమ్మ నులక మంచాలు. మంచం అడ్డంగా వేస్తే ఇటూ అటూ మనిషి నడిచేంత చోటుండేది, అంతే. పెరటికి తూర్పున నడుమెత్తు ప్రహరీ గోడ. దాని అవతల పక్కింటివాళ్ళ ఖాళీ స్థలం, వాళ్ళ బావి, నాలుగు అరటి చెట్లు, ఆ తర్వాత వాళ్ళ పెంకుటిల్లు. కాబట్టి పొద్దున సూర్యుడు మా పెరట్లోకి రావడానికి అడ్డమేమీ లేదు. మధ్యాహ్నం రెండు దాటాక మా ఇంటి నీడే మా పెరట్లో పడేది. అమ్మ పని సాగాల్సింది ఆ లోపలే.

పిండి వడియాలు ఎప్పుడైనా పెట్టినవాళ్ళకు తెలుస్తుంది. బియ్యప్పిండిని జీలకర్ర, పచ్చిమిరపకాయల ముద్ద వేసి ఉడికించి, గోరువెచ్చగా ఉండగానే తడిపిన పాత పంచె మీద చెంచాతో పెట్టుకుంటూ పోవాలి. చల్లారితే గడ్డ కడుతుంది. పెట్టినవాటికి మొదటి రోజు ఎండ గట్టిగా తగలాలి. తగలకపోతే సాయంత్రానికి పులుపు తిరుగుతుంది, ఆ పైన ఎన్ని రోజులు ఎండబెట్టినా ఆ వాసన పోదు. అందుకే అమ్మ చీకటుండగానే లేచి పొయ్యి వెలిగించేది. వెలుగు వచ్చేటప్పటికి పిండి సిద్ధంగా ఉండేది, ఎండ పెరట్లోకి దిగేటప్పటికి మంచాల నిండా వడియాలు ఉండేవి.

డెబ్బైలు సగానికి వచ్చిన రోజులవి. దీపావళి వెళ్ళాక ఒక సాయంత్రం పక్కింటి దంపతులు ఇద్దరూ పళ్ళెంలో అరటిపళ్ళు, పసుపు కుంకుమలు పట్టుకుని వచ్చారు. ఆయనకు లారీ సామాన్ల కొట్టు ఉండేది. మనిషి నెమ్మది. ఆవిడ మా అమ్మను వదినా అనేది, అమ్మ ఆవిడను వదినగారూ అనేది. నేను వాళ్ళను మామయ్యగారు, అత్తయ్యగారు అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, పక్కింటి వరస.

"అబ్బాయికి పెళ్ళి కుదిరిందండీ," అన్నాడాయన నాన్నతో. "ఉన్న రెండు గదుల్లో కొత్త కోడల్ని ఎక్కడ పెడతాం చెప్పండి. ఇటు పక్కన ఒక డాబా వేద్దామనుకుంటన్నాం. మా హద్దులోనేనండీ. మీకేం ఇబ్బంది ఉండదు."

"అయ్యో, శుభమండీ," అన్నాడు నాన్న. "మీ హద్దులో మీరు కట్టుకుంటంటే మేమనేదేముంటదండీ."

అమ్మ అప్పటికే పెళ్ళికూతురిది ఏ ఊరని అడుగుతోంది. హనుమాన్ జంక్షన్ దగ్గర అని ఆవిడ చెబుతోంది. కాఫీలు తాగారు, అమ్మ ఆవిడకు బొట్టు పెట్టి పంపింది. ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న చాలా నిశ్చింతగా ఉన్నాడు. ఎందుకంటే మా అందరి లెక్కలో ఇల్లంటే చూరు ఉంటుంది. చూరు నీళ్ళు తన జాగాలోనే పడేటట్టు, కట్టుకునేవాడు హద్దుకు ఇవతల బారెడు వదిలిపెడతాడు. మా తాత అలాగే వదిలాడు. వాళ్ళ తాత అలాగే వదిలాడు. ఆ సందులో ప్రతి రెండిళ్ళ మధ్యా ఆ వదిలిన చోటు ఉంది, పిల్లులు తిరుగుతూ ఉండేవి. డాబాకు చూరు ఉండదన్న సంగతి మా ఇంట్లో ఒక్క బుర్రకూ తట్టలేదు. ఇంటర్‌లో లెక్కలు చదువుతున్న నా బుర్రకు కూడా.

పనికి మొదట వాళ్ళు చేసింది వాళ్ళ బావి పూడ్చడం. కొత్త గదులు వచ్చే చోట సరిగ్గా ఆ బావే ఉంది. బావి పూడ్చాక కట్టుబడికి నీళ్ళు కావాలి. ప్రహరీ గోడ మీదుగా వంగి అత్తయ్యగారు అడిగింది, "వదినా, పని అయ్యేదాకా మీ బావిలో తోడుకోమా?" అని. అమ్మ చేతిలో పని వదిలేసి, "అదేంటి వదినగారూ, అడగాలా? ఇల్లు కట్టుకునేవాళ్ళకి నీళ్ళు లేవంటామా?" అంది. మాటవరసకు కాదు, అమ్మ అది నిజంగా నమ్మేది. మా వైపు అందరూ నమ్ముతారు. దాహానికి అడిగినవాళ్ళకూ ఇల్లు కట్టుకునేవాళ్ళకూ నీళ్ళు కాదనకూడదు. కాదంటే ఆ ఇంటి ఉసురు తగులుతుందని అమ్మమ్మ చెప్పేదట.

ఆ తర్వాత సిమెంటు వచ్చింది. ఆ రోజుల్లో సిమెంటు పర్మిట్ మీద దొరికేది, దొరికినవాడు బంగారంలా దాచుకునేవాడు. వాళ్ళ ఇల్లంతా పెళ్ళి సామానుతో నిండిపోయిందని, వాన జల్లు పడని చోటు మా వసారాయేనని, బస్తాలు తెచ్చి మా వసారాలో బల్లల మీద పేర్చారు. నాన్న కుర్చీ లోపలికి మారింది. చెప్పాలంటే ఆ డాబా గోడ పైకి లేవకముందే నెల రోజులు బస్తాల్లో మా ఇంట్లో కాపురం ఉంది. పొద్దున్నే నేను దాని పక్కనే కూర్చుని జడ వేసుకునేదాన్ని.

తాపీ మేస్త్రీ పునాదికి దారం కట్టిన రోజున నేను కాలేజీ నుంచి వచ్చేటప్పటికి అమ్మ ప్రహరీ గోడ దగ్గర నిలబడి ఉంది. దారం ఆ గోడను ఆనుకుని పోతోంది. బారెడు కాదు గదా, జానెడు కూడా వదల్లేదు. కూలీలు అప్పటికే గడ్డపారలు వేస్తున్నారు.

"అమ్మా, ఇదేంటి? గోడ మన నెత్తి మీద కడుతున్నారా?" అన్నాను.

"దారం ఊరికే కట్టారేమోలే. కొలతకి," అంది. ఆ మాట తనే నమ్మలేదు.

"ఎండ ఎక్కణ్ణించి వస్తది మనకి?"

అమ్మ పైకి చూసింది. అప్పుడు మార్గశిరం కదా, ఎండ పల్చగా ఉంది. ఇంకా లేవని గోడ ఎంత ఎత్తు లేస్తుందో, దాని నీడ ఎంత దూరం వస్తుందో కళ్ళతోనే గీసుకుంటున్నట్టు నిలబడింది. వాళ్ళ పునాదే ఎత్తు పెడుతున్నారని, వానలకు సందులో నీళ్ళు నిలుస్తాయి కాబట్టి మెట్లెక్కి వెళ్ళాల్సినంత ఎత్తని, పైన పిట్టగోడ కూడా ఉంటుందని మేస్త్రీ చెప్పాడట.

నాన్న సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్కింటికి వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడంటే గట్టిగా మాట్లాడబోతున్నాడని మేం ఆశపడ్డాం. అరగంటకు తిరిగొచ్చాడు. చేతిలో పొట్లం ఉంది. విప్పితే రెండు లడ్డూలు.

"ఏమన్నారు?" అంది అమ్మ.

"ఆయన చెప్పేదీ నిజమేనే. డాబాకి చూరు ఉండదు కదా. ఒక్క వాన చుక్క మన వైపు పడదంట. అటు అడుగు జరిపితే గదిలో మంచం పట్టదంట."

"మరి ఎండ సంగతి అడిగారా?"

నాన్న చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. "ఎండ నాది, నా ఎండ నాకియ్యమని ఎట్టా అడుగుతానే? నవ్వరూ?"

నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కానీ ఆ కోపంలో కూడా నేనూ ఆలోచించాను, నేనైతే ఏమని అడుగుతానని. నేల మీద గీత ఉంది, కాగితం మీద హద్దు ఉంది. ఎండకు హద్దు ఎవరూ రాసివ్వలేదు. మునిసిపాలిటీకి అర్జీ పెట్టమని ఆఫీసులో ఎవరో నాన్నకు చెప్పారు. నాన్న రెండు రోజులు ఆలోచించి, "అర్జీ పెట్టి, రేపు ఏ మొహం పెట్టుకుని వాళ్ళింట్లో పెళ్ళి భోజనానికి కూర్చుంటాం?" అన్నాడు. అక్కడితో అర్జీ కథ ముగిసింది.

మైలవరం నుంచి మేనమామ వచ్చాడు. ఆయన వ్యవసాయదారుడు, గట్టు తగాదాల్లో రాటుదేలిన మనిషి. పునాది చూసి పెరట్లో నిలబడే అరిచాడు. "మా దగ్గర గట్టు మీద చారెడు మట్టి జరిపితేనే కర్రలు లేస్తయ్! ఇట్టా నోట్లో వేలు పెట్టుకుని చూస్తన్నారేంటి బావా మీరు? అక్కా, నువ్వు ముందు ఆ నీళ్ళు ఆపెయ్. చుట్టుపక్కల ఇంకెవరికీ మంచి బావి లేదు. వారం రోజులు నీళ్ళు లేకపోతే వాళ్ళే వచ్చి కూర్చుంటారు మాటలకి." నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకు మా ఇంట్లో ఒక మగవాడు నోరు తెరిచాడు.

ఆ ఊపులోనే ఆయన పక్కింటికి వెళ్ళాడు. గొంతులు వినబడతాయని నేను ప్రహరీ దగ్గర చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. మొదట గట్టిగానే వినబడ్డాయి. తర్వాత నవ్వులు వినబడ్డాయి. మామ తిరిగొచ్చేటప్పటికి ముఖం వెలిగిపోతోంది. పెళ్ళికూతురి మేనత్తను మైలవరంలోనే ఇచ్చారట, ఆవిడ మగడు మామకు బాగా కావలసినవాడట. పైగా శ్లాబు కింద ఆసరాకు వెదురు బొంగులు కావాలని వాళ్ళు వెతుక్కుంటున్నారట. "మన కొండల్లో బొంగులకేం కొదవ? బండి తోలిస్తానన్నా," అన్నాడు మామ, మంచినీళ్ళు అడుగుతూ. తోలించాడు కూడా. అలా ఆ గోడకు నీళ్ళు మావి, సిమెంటుకు నీడ మాది, ఆసరాకు బొంగులు మా మేనమామవి.

ఇక నేనే ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను. ఒక పొద్దున్నే బావి దగ్గరి బొక్కెనను చేంతాడుతో సహా తీసుకెళ్ళి నా మంచం కింద, ట్రంకుపెట్టె వెనక దాచేసి కాలేజీకి వెళ్ళిపోయాను. ఆ రోజు ఒక్క పాఠం ఎక్కలేదు. కూలీలు ఖాళీగా కూర్చుని ఉంటారు, మామయ్యగారు వచ్చి ఏమైందండీ అంటారు, అప్పుడైనా అమ్మ నోరు విప్పి ఒక మాట అంటుంది, అని ఊహించుకుంటూ గడిపాను. ఇంటికొచ్చి చూస్తే గోడ కిటికీ ఎత్తు దాటింది. బావి గిలక మీద ఎవరిదో చేంతాడు, బొక్కెన ఉన్నాయి. కూలీలు నిలబడిపోయారని, ఎదురింటికి వెళ్ళి అమ్మే అడిగి తెచ్చిందట.

వంటింట్లోకి వెళ్ళి అరిచాను. "నీకసలు బుద్ధుందా అమ్మా? నీ ఎండని నువ్వే మూసుకుంటన్నావు!"

అమ్మ చింతపండు పిసుకుతోంది. తల ఎత్తలేదు. "మన నీళ్ళు ఆపితే కాలవ నుంచి బండి పెట్టి తెచ్చుకుంటారు. అప్పుడు గోడా ఉంటది, వాళ్ళకీ మనకీ మాటలూ ఉండవు. గోడతో పాటు అది కూడా ఎందుకే?" పిప్పి తీసి పారేసి, "బొక్కెన తెచ్చి బావి దగ్గర పెట్టు. ఎదురింటావిడ తాడు ఇచ్చెయ్యాలి," అంది.

తెచ్చి పెట్టాను. ఇంకేం చేస్తాను?

శ్లాబు వేసిన రోజు మా పెరడు మా చేతుల్లో లేదు. వరసగా నిలబడ్డ కూలీలు, చేతులు మారుతున్న తట్టలు, నీళ్ళ డబ్బాలు. తోడగా తోడగా మధ్యాహ్నానికి మా బావిలో బురద నీళ్ళు పైకొచ్చాయి. అమ్మ కూలి ఆడవాళ్ళందరికీ మజ్జిగ ఇచ్చింది. సాయంత్రం పక్కింటి నుంచి బూందీ, కారప్పూస వచ్చాయి. ఆ తర్వాత చాలా రోజులు శ్లాబు మీద మడి కట్టి నీళ్ళు నిలబెట్టారు, గోడకు పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లారు. గోడ గట్టిపడాలంటే తడుపుతూ ఉండాలట. మా బావి నీళ్ళతో అది చక్కగా గట్టిపడింది.

మాఘంలో పెళ్ళి జరిగింది. మేం ముగ్గురం వెళ్ళి భోజనం చేసి వచ్చాం. శివరాత్రి వెళ్ళింది. ఎండలు మొదలయ్యాయి.

అమ్మ మొదటి రోజు మామూలుగానే చీకటితో లేచి పిండి ఉడికించి మంచాల మీద వడియాలు పెట్టి, పక్కన పీట వేసుకుని కూర్చుంది. సందులో ఎండ వచ్చింది. మా పెంకుల మీద ఎండ వచ్చింది. పెరట్లోకి రాలేదు. పొద్దెక్కి, పాలవాడూ కూరలవాడూ వెళ్ళిపోయి, నాన్న ఆఫీసుకు వెళ్ళాక, మా ఇంటి గోడ అడుగున ఒక పట్టెడు వెలుగు పడింది. అమ్మ మంచాన్ని అక్కడికి లాగింది. ఆ వెలుగు మెల్లిగా పెరట్లోకి జరిగింది, అమ్మ మంచాన్ని దానితో పాటు జరిపింది. సూర్యుడు నడినెత్తికి వచ్చాక కాసేపు అంతటా కాసింది. ఆ తర్వాత మా ఇంటి నీడ వచ్చేసింది. పొద్దున పక్కింటి గోడ, మధ్యాహ్నం మా ఇల్లే. సాయంత్రం అమ్మ ఒక వడియం తీసి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేసింది. పంచె మడిచి మొత్తం తీసుకెళ్ళి కాలువ గట్టున గేదెలకు పెట్టి వచ్చింది.

తర్వాత ముందు వైపు వసారా మెట్ల దగ్గర మంచం వేసి చూసింది. రిక్షాల దుమ్ము, మేకలు, సందులో పిల్లల బంతి. పెంకుల మీద ఆరబెట్టడానికి లేదు, ఏటవాలు. హోటలువాళ్ళకు చెప్పిన సరుకు వెనకబడింది. ఒకసారి ఎండీ ఎండని వడియాలు వెళ్ళాయట, వంటవాడు "పిన్నిగారివేనా ఇవి?" అని అడిగాడట. నాన్న ఆ మాట ఇంట్లో చాలా రోజులు చెప్పలేదు. చెప్పిన రోజున అమ్మ అన్నం సగంలో లేచి వెళ్ళింది.

అత్తయ్యగారు చెడ్డ మనిషి కాదు. అదే మా ఖర్మ. చెడ్డ మనిషైతే తిట్టుకుని హాయిగా ఉండేవాళ్ళం. ఆవిడ ఒక రోజు తనే వచ్చింది. "అదేంటి వదినా, మంచాలు పట్టుకుని అట్టా తిరుగుతన్నావు? మా డాబా లేదూ? బంగారంలాంటి ఎండ. వచ్చి పెట్టుకో," అంది. అమ్మ ముఖం ఒక్కసారిగా విప్పారింది. నేను మాత్రం లోపలికి వెళ్ళిపోయాను. మొన్నటిదాకా మాకు ఊరికే వచ్చిన ఎండ ఇప్పుడు ఆవిడ దయగా పైన కూర్చుని ఉంది. ఆ మాట అమ్మతో అంటే, "ఎక్కడైతే ఏమే, ఎండేగా," అంది.

డాబా మీదికి మెట్లు ఇంటి లోపలి నుంచి ఉన్నాయి. కొత్త జంట గది పక్కనుంచే ఎక్కాలి. కాబట్టి వాళ్ళు లేచి తలుపు తీసేదాకా ఆగాలి. అమ్మ పిండి తెల్లవారేటప్పటికి సిద్ధమవుతుంది, వాళ్ళ తలుపు ఎండెక్కాక తెరుచుకుంటుంది. ఇప్పుడు ఉడికించడం ఆలస్యం చేద్దామంటే, వాళ్ళు ఏ రోజు ఎప్పుడు లేస్తారో తెలియదు. త్వరగా తలుపు తియ్యండని కొత్త కోడలున్న ఇంట్లో ఎవరు అడుగుతారు? మూత పెట్టిన గిన్నె ఒళ్ళో పెట్టుకుని, చుట్టూ పాత చీర చుట్టి, అమ్మ వాళ్ళ వాకిటి మెట్ల మీద కూర్చునేది. కాలేజీకి బయల్దేరుతూ నేను చూసేదాన్ని. సందులో వాళ్ళు పలకరిస్తే నవ్వేది. పిండి మీద మీగడ కట్టేది, చెంచాకు అంటుకుని సాగేది, పెట్టిన వడియం పగిలేది. పై నుంచి దిగేటప్పుడు "మీరూ రుచి చూడండి వదినగారూ" అని ఎండినవి కొన్ని ఆవిడ చేతిలో పెట్టి వచ్చేది. ఆవిడ వద్దనేది, అమ్మ బలవంతం చేసేది.

ఒక ఆదివారం నేను కూడా పైకి వెళ్ళాను, పంచె రెండో కొస పట్టుకోవడానికి. డాబా మీద ఎండ నిజంగా బంగారమే. వడియాలు పెట్టడం అయ్యాక అమ్మ పిట్టగోడ దగ్గరకు వెళ్ళి కిందికి చూసింది. కింద మా పెరడు. పొద్దెక్కినా చీకటిగా, తడిగా ఉంది. బావి, తులసికోట, ఖాళీ మంచాలు. పై నుంచి చూస్తే అది రెండు గోడల మధ్య మిగిలిపోయిన సందులా కనబడింది. ఇంతలో అత్తయ్యగారు ఎవరో చుట్టాలను డాబా చూపించడానికి పైకి తీసుకొచ్చింది. వాళ్ళల్లో ఒకావిడ వడియాలను చూసి "మీవేనా?" అంది.

"మాయి కాదండీ, పక్కింటావిడవి. పాపం వాళ్ళింట్లో ఎండ రాదు. మా డాబా మీదే పెట్టుకుంటది," అంది అత్తయ్యగారు. అందులో ఏ వంకరా లేదు. జాలిగానే అంది.

అమ్మ వెనక్కి తిరిగి వాళ్ళకు నమస్కారం పెట్టింది. నేను నోరు తెరవబోతే నా మణికట్టు పట్టుకుంది. చాలా గట్టిగా పట్టుకుంది. మెట్లు దిగి మా ఇంట్లోకి వచ్చేదాకా వదల్లేదు.

ఆ వడియాలు ఎండాక అమ్మ అన్నిటినీ డబ్బాకెత్తి హోటలుకు పంపింది. ఖాళీ డబ్బా తిరిగొచ్చాక నాన్నతో, "ఇక చెయ్యలేనని చెప్పండి వాళ్ళకి. మోకాళ్ళు నొప్పులు, మెట్లు ఎక్కలేకపోతన్నానని చెప్పండి," అంది. అమ్మకు అప్పుడు మోకాళ్ళ నొప్పులేమీ లేవు. అత్తయ్యగారికీ అదే చెప్పింది. ఆవిడ నిజమేననుకుని ఏదో తైలం తెచ్చి ఇచ్చింది, మెంతులు నానబెట్టుకుని తినమని చెప్పింది. నాన్న చెప్పి వచ్చాడు. హోటలువాళ్ళు ఇంకెవరినో చూసుకున్నారు. టీచరమ్మ ఒకటి రెండుసార్లు అడిగి మానేసింది. నులక మంచాలు గోడకు చేరగిలబడ్డాయి.

మరుసటి ఏడు వేసవిలో ఒక సాయంత్రం నేనూ అమ్మా గవర్నర్‌పేటలో పచారీ సామాను కొంటున్నాం. కొట్టువాడు పప్పూ చింతపండూ కట్టి, "వడియాలు కూడా వచ్చాయమ్మా, కొత్తవి, చూడండి," అని ఒక బుట్ట ముందుకు జరిపాడు. మా ఇంట్లో అప్పటిదాకా కొట్టు వడియం అడుగు పెట్టలేదు. అమ్మ వద్దంటుందనుకున్నాను. అమ్మ చెయ్యి పెట్టి ఒకటి తీసింది. వేళ్ళ మధ్య విరిచింది, టప్పుమని విరిగింది. విరిగిన ముక్క వాసన చూసింది. రెండో ముక్క నోట్లో వేసుకుని నమిలింది. కొట్టువాడు ఏదో చెబుతున్నాడు, అమ్మ వినడం లేదు. ఆ బుట్ట వంక చూస్తూ, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు, "మంచి ఎండ తగిలిందయ్యా వీటికి," అంది.

తర్వాత సంచీ తెరిచి పట్టుకుని, "ఒక పావుకిలో ఇవ్వు," అంది.